నలభై నాలుగో కుర్చీ

అక్క లోపలికి వెళ్ళి నాలుగు నిమిషాలైంది. నాలుగో నంబరు గది, తలుపు దానంతటదే మెల్లగా మూసుకుంది, చప్పుడు కాకుండా, ఆ స్ప్రింగును ఏరికోరి పెట్టించింది నేనే, తలుపు దభీమని కొట్టుకుంటే రోగుల గుండెలు అదురుతాయని అప్పట్లో అరపేజీ రాశాను కూడా, ఎంత దయగల మహానుభావుణ్ణో. నేనూ వస్తానక్కా అంటే వద్దంది. "నా సంగతి ముందు నేను వినాలి కదరా. విన్నాక నీకు చెప్తాగా, ఎక్కడికి పోతాను" అని చేతిసంచి నా ఒళ్ళో పడేసి, నుదుటి మీది జుట్టు వెనక్కి తోసుకుని వెళ్ళిపోయింది. సంచిలో ఆమె కొలతల టేపు ఉంది, చుట్టచుట్టి, రబ్బరుబ్యాండు వేసి. అక్క దర్జీ. ముప్పై ఏళ్ళుగా మా వీధిలో సగంమంది నడుముల కొలతలు ఆమెకు కంఠతా వచ్చు. మూడు వారాల క్రితం కుడి రొమ్ము కింద గడ్డ చేతికి తగిలితే దాన్ని కూడా ముందు కొలిచిందట, బఠాణీ గింజ కంటే కాస్త పెద్దదిరా అని నాతో చెప్పింది, బావకు ఇంకా చెప్పలేదు, నాకొక్కడికే చెప్పింది. ఇవాళ రిపోర్టు ఏమిటో డాక్టరు చెప్తుంది.

చెప్పేదాకా అక్క ఊరుకుందా, ఊరుకోలేదు. లోపలికి వెళ్ళేముందు పక్క కుర్చీలో ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్న పెద్దావిడ వైపు వంగి, "ఈ హాలు చూశారా అండీ, మా తమ్ముడే కట్టాడు" అంది. మేస్త్రీలు కట్టారక్కా, నేను గీశానంతే అని సర్దబోయాను. "గీస్తేనే కదా కట్టేది" అంది. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగారు, ఫ్లాస్కు పెద్దావిడ నన్ను నెత్తి నుంచి చెప్పుల దాకా చూసి, "వెలుతురు బాగుంది బాబూ" అంది, ఆ వెలుతురులో నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. గీసినది నేనొక్కణ్ణే కాదు, ఎనిమిదిమందిమి, కానీ ఆ మాట ఇప్పుడు ఎలా అంటాను, బాగుంది అన్నప్పుడు అనని మాటను బాగాలేనప్పుడు అంటే ఏం మర్యాద.

వెలుతురు నిజంగానే బాగుంది. పైకప్పులో ఈ చివర నుంచి ఆ చివర దాకా పొడుగాటి చీలిక, దాని గుండా పగలల్లా వెలుగు దిగుతుంది, ఆ వెలుగులో కుర్చీలు, వరసకు పదకొండు చొప్పున నాలుగు వరసలు, అన్నీ నేలకు బిగించినవి, అన్నీ డాక్టర్ల గదుల వైపే తిరిగి ఉన్నవి. ఆరు గదులు, ఆరు తలుపులు, ఒకే వరసలో. ఎక్కడ కూర్చున్నా ఆరు తలుపులూ కనిపించాలి, ఎవరి వంతు వచ్చిందో ఎవరినీ అడగక్కర్లేదు, దాపరికం లేని ఆసుపత్రి, అది మా ఆఫీసు పెద్దాయన మాట. నేను కుర్చీలు లెక్కపెట్టాను, చేతకాని పనివాడికి లెక్కలెక్కువ, నలభై మూడే వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను. చివరి వరసలో గోడ పక్కన కుర్చీ ఉండాల్సిన చోట నేలలో నాలుగు బోల్టు రంధ్రాలున్నాయి, కుర్చీ లేదు. నాకు ఒళ్ళు మండింది. నలభై నాలుగని గీస్తే నలభై నాలుగుండాలి, ఎవడో ఊడబీకి పట్టుకుపోయాడు, ప్రభుత్వం సొమ్మంటే ఇంత అలుసా అని, అక్క సంగతి మరిచిపోయి, ఒక నిమిషం పాటు ఆ నాలుగు రంధ్రాల మీద కోపంగా ఉన్నాను.

రెండో గది తలుపు తెరుచుకుంది. నలభై మూడు తలలూ అటు తిరిగాయి, నాదీ తిరిగింది. తప్పు తలలది కాదు, చూడడానికి ఇంకేముంది ఇక్కడ, తలుపులు తప్ప. ఒకాయన బయటికొచ్చాడు, పొడుగ్గా, నా వయసే ఉంటుంది, ఫైలును ఛాతీకి అదుముకున్నాడు, రెండడుగులు వేసి ఇంతమంది తనను చూస్తున్నారని తెలుసుకుని వంగి బూటు తాడు కట్టుకోవడం మొదలుపెట్టాడు. బూటుకు తాడు లేదు. ఉత్తి బూటు మీద చేయి పెట్టుకుని చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత లేచి, గోడ మీద రాసిన అక్షరాలేవో చదువుతున్నవాడిలా తల పక్కకు తిప్పి నడిచాడు, ఆ గోడ మీద ఏ అక్షరాలూ లేవు, ఖాళీగా ఉంటేనే అందమని నేనే అన్నాను. నేను అడుగులు లెక్కపెట్టాను. రెండో గది నుంచి బయటి గుమ్మానికి ఇరవై ఆరు. నాలుగో గది నుంచి ముప్పై ఒకటి అవుతాయి. ప్లానులో అది ఒక గీత, ఒకటిన్నర అంగుళాల గీత, దాని మీద లోపలికి వెళ్ళే బాణం గుర్తులు గీశాం, నీలం రంగులో, చక్కగా, ఒకదాని వెనక ఒకటి. బయటికొచ్చే బాణం ఒక్కటి కూడా గీసిన గుర్తు లేదు నాకు. వచ్చినవాళ్ళు వస్తారు, పోయినవాళ్ళు ఎలాగో పోతారు అనుకున్నాం కాబోలు. ఈ హాలు ఫొటో ఒక పత్రికలో రెండు పేజీల నిండా వచ్చింది, ఫొటో తీసే రోజు తెల్లారగానే వచ్చి జనాన్ని కాసేపు బయట నిలబెట్టాం, జనం ఉంటే హాలు కనబడదని.

మా ఆఫీసులో చుక్కల పద్ధతి ఒకటుంది. పెద్దాయన పెట్టింది. ఏ భవనానికైనా మూడు నమూనాలు గీసి గోడకు పిన్నులతో గుచ్చుతాం, ప్రతి ఆర్కిటెక్టుకూ మూడేసి పచ్చచుక్కలు, వేలిగోరంత కాగితం బిళ్ళలు, వెనక జిగురు ఉంటుంది, నచ్చినదాని మీద అంటించాలి, దేని మీద ఎక్కువ చుక్కలుంటే అదే కట్టడం. అరుపులుండవు, అలకలుండవు. ఇదీ ప్రజాస్వామ్యమంటే అంటాడు పెద్దాయన, తన ప్రభావం మా మీద పడకూడదని తన చుక్కలు అందరికంటే ఆఖరున పెడతాడు. పాపం ఆయనకు తెలియనిదేమిటంటే, నచ్చిన బొమ్మ ముందు ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. అది మా అందరికీ తెలుసు. ఆయన గోడ వెంట నడుస్తుంటే మేం బొమ్మలు చూడం, కళ్ళజోడు చూస్తాం. అది ముక్కు మీంచి ఎక్కడ దిగితే అక్కడ చుక్కలు వాలతాయి, ఆయన తానంటే మేం తందానా, తర్వాత అందరం ఒకరినొకరు మెచ్చుకుంటాం, భలే అందరికీ ఒకటే నచ్చిందే అని. గొర్రెదాటు అనే మాట గొర్రెల కోసం పుట్టి ఉండదు.

ఎక్కడ నేర్చుకున్నాం ఇది అంటే కాలేజీలోనే. మొదటి ఏడాది నుంచీ అంతే, రాత్రుళ్ళు గీసిన కాగితాలను గోడకు గుచ్చి వాటి ముందు నిలబడాలి, ఎదురుగా నలుగురు మేష్టర్లు, చుట్టూ తోటివాళ్ళు, ఒక మేష్టరు నచ్చకపోతే మాటాడకుండా వచ్చి కాగితాన్ని నిలువునా చించేవాడు, ఆ చిరిగిన చప్పుడు ఇప్పటికీ నా వీపు మీద ఉంది. ఐదేళ్ళు అలా నిలబడినవాడు ఇల్లు కట్టడం నేర్చుకుంటాడో లేదో గానీ ఎదుటివాడి కనుబొమలు చదవడం నేర్చుకుంటాడు. మీ ఇల్లు మీరే కొలిచి గీసుకురండి అన్నారు మొదటి నెలలో, టేపు రెండో కొస పట్టుకోవడానికి అక్కే వచ్చింది, కుట్టుమిషను ఆపి మరీ, గది మూలన గోడకు అతుక్కుని, "ఇక్కడేనా? ఇంకా జరగాలా?" అంటూ. వంటగది తలుపు కొలుస్తుంటే ఒక మాట అంది. "జేబు ఎక్కడ కుట్టాలో బట్ట చెప్పదురా. మనిషి చేయి ఎటు పోతుందో చూసి కుట్టాలి. మీ తలుపులూ అంతేనేమో." ఆ మాట నేను మూడో ఏడాది మేష్టర్ల ముందు నా మాటగా చెప్పాను. జేబుకు బదులు తలుపు పెట్టి. చించే మేష్టరు కూడా తలూపాడు. అక్కకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు, ఇన్నేళ్ళలో ఎన్ని మీటింగుల్లో వాడుకున్నానో, కొత్తగా చేరినవాళ్ళు నోటుపుస్తకాల్లో రాసుకుంటుంటే వినయంగా కిందికి చూసేవాణ్ణి. అరువు తెచ్చుకున్న మాటే అయినా నమ్మి ఉంటే బాగుండేది.

పదమూడు నిమిషాలైంది. మంచి కబురైతే ఇంతసేపు పడుతుందా, ఏమో, డాక్టరు ఫోనులో ఉందేమో, రిపోర్టు దొరకలేదేమో. జేబులో ఫోను కదిలింది. ఆఫీసులో నా తోటి ఆర్కిటెక్టు, మేమంతా మంత్రి అని ఏడిపిస్తాం, మీటింగు లేకపోతే ఆ మనిషికి తోచదు. పదకొండింటికి మీటింగుందని మరిచేపోయాను. ఈ ఆసుపత్రి లాంటివే ఇంకో తొమ్మిది ఊళ్ళలో కట్టాలి, ఏ ప్లాను వాడాలన్నది ఇవాళ తేల్చాలి. మంత్రి రాశాడు, "పాత ప్లానే మళ్ళీ అంటున్నారు అందరూ. పెద్దాయన కళ్ళజోడు ఇప్పుడే దిగింది. నీ చుక్కలు నేనే పెట్టేయనా?" చివర ఒక నవ్వు బొమ్మ. తొమ్మిది ఊళ్ళు, ఊరికి ఆరు గదులు, యాభై నాలుగు తలుపులు, ఒక్కో తలుపు ముందు నలభై మూడు తలలు. జవాబివ్వకుండా ఫోను బోర్లించాను.

ఆరో గది నుంచి ఒకమ్మాయి వచ్చింది, ఇరవై ఐదుంటాయేమో, వెంట ఎవరూ లేరు, నోటి మీద చేయి అడ్డం పెట్టుకుని ఒకటే పరుగులాంటి నడక, మధ్యలో ఎవరి సంచో కాలికి తగిలి తూలింది, క్షమించండి అంది సంచితో. ఫ్లాస్కు పెద్దావిడ "అయ్యో తల్లీ" అంది పైకే, ఆ అయ్యోకి ఇంకో పదిమంది ఎవరా అని చూశారు. గుమ్మం దగ్గర వాచ్‌మన్ స్టూలు మీంచి లేచాడు, నెరిసిన మీసాల మనిషి, ఏమీ అడగలేదు, చేత్తో ఎడమవైపు చూపించి తను ముందు నడిచాడు, ఆ అమ్మాయి వెనకాలే వెళ్ళింది. గేటు కుడివైపు కదా, ఎడమవైపు ఏముంది అనుకున్నాను. ప్లాను కళ్ళముందు పరుచుకుంది, జనరేటరు గది, దాని వెనక ప్రహరీగోడ, మధ్యలో నాలుగడుగుల సందు, దానికి మేం పేరు కూడా పెట్టలేదు, మిగిలిన జాగా అంతే. ఐదు నిమిషాలకు వాచ్‌మన్ ఒక్కడే తిరిగొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

ఏడేళ్ళ క్రితం నాటి గోడ నాకు బాగా గుర్తుంది. మూడు నమూనాలు, మొదటిది పెద్దాయనకు ఇష్టమైన ఈ హాలు, రెండోది ఊరికే లెక్కకోసం గీసింది, మూడోది నాది. నాది అంటే, గీసింది డ్రాయింగమ్మ. మా ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా ప్లానులు గీసే ఆవిడ, మేం చెప్పినదాన్ని శుభ్రంగా కొలతలతో గీసిపెట్టడం ఆవిడ ఉద్యోగం, గీసేవాళ్ళకు చుక్కలివ్వరు, చుక్కలు ఆలోచించేవాళ్ళకే. నా చిత్తుబొమ్మను గీస్తూ గీస్తూ ప్రతి డాక్టరు గదికీ వెనకవైపు పెన్సిలుతో ఒక చిన్న తలుపు పెట్టింది, ఆ తలుపులన్నీ సన్నటి వరండాలోకి, వరండా చెట్ల పక్కగా గేటు దాకా. ముందు నుంచి లోపలికి, వెనక నుంచి బయటికి. నేను చూసి ఇదెందుకమ్మా అంటే, ఊరికే సార్, బాగుంటుందేమోనని, వద్దంటే చెరిపేస్తా అంది. ఉండనివ్వండి అన్నాను. బాగుంది అది. చూడగానే తెలిసింది బాగుందని, కడుపులో తెలుస్తుంది మాకు, ఎవరికీ చెప్పకపోయినా. ఆ రోజు ఉదయం నా మూడు చుక్కలూ దాని మీదే పెడదామని వెళ్ళాను, బొటనవేలికి అంటించుకుని నిలబడ్డాను. పెద్దాయన మొదటి బొమ్మ ముందు కళ్ళజోడు తీశాడు. మంత్రి చుక్కలు టపటపా పడ్డాయి. ఒక్కొక్కరే అటు జరిగారు. అప్పుడే డ్రాయింగమ్మ కొలతల కాగితమేదో ఇవ్వడానికి లోపలికొచ్చింది, గోడ వంక చూసింది, ఆవిడ ఎప్పుడూ మీటింగులో నోరు తెరిచింది లేదు, ఆ రోజు తెరిచింది. "మరి ఏడ్చుకుంటూ బయటికొచ్చేవాళ్ళు ఎటు పోవాలి సార్?"

పెద్దాయన నా వైపు చూశాడు, బొమ్మ నాది కాబట్టి, కనుబొమలు కొంచెం పైకి లేచాయి, కోపంగా కాదు, ఏమంటావయ్యా అన్నట్టు, అంతే. నిజంగా అడిగాడేమో కూడా. నేను ఆగి ఆలోచించి ఉంటే ఆయన వినేవాడేమో. నేను ఆగలేదు. "ఏడ్చేవాళ్ళకు వేరే తలుపంటే ఎలాగమ్మా, రేపు నవ్వేవాళ్ళు మాకేదీ అంటారు. తుమ్మేవాళ్ళకు కిటికీ పెట్టాలి" అన్నాను. అంత నవ్వు మా మీటింగులో మళ్ళీ ఎప్పుడూ వినలేదు. మంత్రి బల్ల కొట్టాడు. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను వెళ్ళి నా మూడు చుక్కలూ మొదటిదాని మీద అంటించాను, పక్కపక్కనే, వరసగా, వంకర పోకుండా. ఏకగ్రీవంగా నిర్ణయించడమైనది అని రాశారు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, నా మాట దాటి వెళ్ళి సిమెంటయి కూర్చుంది. డ్రాయింగమ్మ కూడా నవ్వింది. అందరితోపాటు, కొంచెం ఆలస్యంగా. సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి, చెరిపేశాను సార్, కాగితం కాస్త నలిగింది, ఏమనుకోకండి అంది.

ఇదంతా ఒక ఎత్తు. అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి బుర్ర పక్కకు తప్పుకుంటుంది, పైకప్పు వెలుగు చూస్తుంది, కుర్చీలు లెక్కపెడుతుంది. ఆ ఏడాది ఆవిడ ప్రతి బుధవారం సగంపూట సెలవు పెట్టేది. సెలవు చీటీ మీద సంతకం నాది. కారణం అని ఉన్నచోట గుండ్రటి అక్షరాలతో, భర్తకు ఆసుపత్రి. ప్రతి చీటీ మీదా అదే. ఇరవై చీటీల మీదో పాతిక మీదో సంతకం పెట్టాను. ఆ గదిలో నవ్విన వాళ్ళలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలిసి అన్నాను. తర్వాత కొన్నాళ్ళకు బుధవారం సెలవులు ఆగిపోయాయి, ఎందుకు ఆగాయో నేను అడగలేదు, సెలవు అడగని మనిషిని ఎందుకడగలేదని ఎవరడుగుతారు. మనిషి ఇంత నీచంగా ఎలా ఉంటాడని ఎవరి గురించైనా వింటే ఆశ్చర్యపోయేవాణ్ణి. ఏం లేదు, చాలా తేలిక, కనుబొమలు రెండు లేస్తే చాలు.

ఇరవై ఒక్క నిమిషాలు. ఫోను మళ్ళీ కదిలింది. "ఏమయ్యా, అందరూ నీ కోసమే ఆగారు. పెట్టేయనా వద్దా?" నాలుగో గది తలుపు కదిలినట్టనిపించి తల ఎత్తాను, కదల్లేదు, నర్సు నీడ, మళ్ళీ ఫోను చూశాను, అందరూ నీ కోసమే ఆగారు అన్న మాట కుట్టింది, నా వల్ల ఏడుగురు ఆగడమేమిటి, నేను వచ్చాక మాట్లాడదాం అని రాయొచ్చు, ఆ ప్లానులో తప్పుంది అని రాయొచ్చు, ఎందుకని అడుగుతారు, చెప్పాలి, చెప్తే తుమ్మేవాళ్ళ కిటికీ దగ్గర మొదలుపెట్టాలి, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఇప్పుడు కాదు, అక్క బయటికి రానీ, తర్వాత నిదానంగా, ఇలా అనుకుంటూనే ఉన్నాను, నా బొటనవేలు సరే అని రాసి పంపేసింది. రెండక్షరాలు. వెంటనే మంత్రి నవ్వు బొమ్మ వచ్చింది. ఇక్కడ కూర్చుని, ఈ హాల్లో, అక్క ఆ తలుపు వెనకుండగా, మళ్ళీ పెట్టాను మూడు చుక్కలు. ఎదురుగా ఎవరి కనుబొమలూ లేకుండానే.

అప్పుడు తెరుచుకుంది తలుపు. నిజంగానే చప్పుడు కాలేదు. అక్క గుమ్మంలో నిలబడింది, నలభై మూడు తలలు తిరిగాయి, ఆమె నన్ను వెతకలేదు, ముందు జనాన్ని చూసింది, ఆ చూపులో నాకు ఆమె మొహం కనిపించింది, ఒక్క క్షణం, ఏమీ తొడుక్కోని మొహం. మరుక్షణం నవ్వింది. అంగడికి వచ్చిన వాళ్ళను చూసి నవ్వే నవ్వు, కుట్టడం ఆలస్యమైతే నవ్వే నవ్వు. ఫ్లాస్కు పెద్దావిడకు తలూపింది. ఒక పసివాడి బుగ్గ తాకింది. ఒకటి, రెండు, మూడు, లెక్కపెట్టకూడదనుకున్నా లెక్క ఆగలేదు, పద్నాలుగో అడుగు దగ్గర ఎవరో, "ఏమన్నారమ్మా?" అని అడిగారు, బాగానే ఉందండీ అంది అక్క, గట్టిగా, హాలంతా వినేలా, "మా తమ్ముడు కట్టిన ఆసుపత్రి, బాగోకుండా ఎలా ఉంటుంది" అంది. జనం నవ్వారు. నేను సంచి పట్టుకుని లేచాను. నా పక్కనుంచి పోతూ నా మోచెయ్యి పట్టుకుంది, వేళ్ళు చర్మంలోకి దిగేలా, మొహం మీద నవ్వు అలాగే ఉంది. ముప్పై ఒకటి.

వాచ్‌మన్ స్టూలు మీంచి లేచాడు. నన్ను చూడలేదు, అక్కను చూశాడు, "ఇటు రండమ్మా" అన్నాడు. ఎడమవైపు. జనరేటరు గది గోడ పక్క నుంచి తిరిగితే ఆ నాలుగడుగుల సందు, మిగిలిన జాగా, అందులో నీడలో ఒక కుర్చీ ఉంది. మా కుర్చీ. కాళ్ళకు బోల్టు పలకలు అలాగే ఉన్నాయి, కింద ఎత్తు సరిపోవడానికి ఇటుకలు పెట్టారు, పక్కన ఒక నీళ్ళ కుండ, మూత మీద గ్లాసు. అక్క కూర్చుంది. రెండు చేతులూ మొహానికి కప్పుకుంది. అంత పెద్ద మనిషి అంత చిన్నగా అవడం నేను ఎప్పుడూ చూడలేదు, జనరేటరు మోగుతోంది, ఆమె ఏడుపు నాకు వినబడలేదు, భుజాలు కదలడం మాత్రం కనబడింది. వాచ్‌మన్ నా పక్కన వచ్చి నిలబడి అన్నాడు, "లోపల్నుంచి ఒకటి ఊడదీశాం సార్. రోజూ ముగ్గురో నలుగురో గేటు దగ్గర కింద కూలబడిపోతుంటే చూడలేక. పైవాళ్ళకు చెప్పకండి." ఆ పైవాళ్ళలో నేనూ ఒకణ్ణని ఆయనకు తెలియదు. చెప్పనన్నాను.

చాలాసేపటికి అక్క చేతులు తీసింది. "అదేరా. వాళ్ళనుకున్నదే" అంది. "వచ్చేవారం కోసేస్తారట. తర్వాత మందులు. మందులకు లొంగుతుంది అంది డాక్టరమ్మ, మంచి పిల్ల, నా చేయి పట్టుకుంది." నేను కింద మట్టిలో కూర్చున్నాను, ఆమె కాళ్ళ దగ్గర, సంచి తెరిచి టేపు తీసి ఆమె చేతిలో పెట్టాను, ఎందుకు పెట్టానో నాకే తెలియదు. ఆమె దాన్ని చూసి తడి మొహంతో నవ్వింది, ఈసారి నిజం నవ్వు. కుర్చీ చెయ్యి తడిమింది, కుండ చూసింది, పైన ప్రహరీగోడ మీదుగా వంగిన కొమ్మను చూసింది. "ఏడవడానికి కూడా ఒక చోటుంచావురా" అంది. "ఎవరికి తోస్తుంది ఇది. నువ్వు కాబట్టి అనుకున్నావు."

అవునని ఊరుకోవచ్చు. జబ్బు మనిషి, ఇంతకంటే ఏం కావాలి ఆమెకు, తమ్ముడు మంచివాడనుకుంటే కాస్త బలం, నా కోసం కాదు ఆమె కోసమే అబద్ధమాడొచ్చు, ఇన్ని ఆలోచనలు కళ్ళు మూసి తెరిచేలోగా వచ్చాయి, అన్నీ బాగానే ఉన్నాయి, అన్నీ నాకు అలవాటైనవే. "కాదక్కా" అన్నాను. "ఈ కుర్చీ వాచ్‌మన్ పెట్టాడు. నేను పెట్టలేదు. మా ఆఫీసులో ఒకావిడ ప్రతి గదికీ వెనక తలుపు పెట్టింది, నువ్వు ఆ హాల్లోంచి నడవక్కర్లేకుండా. నేనే తీయించాను. ఎగతాళి చేసి తీయించాను, అందరినీ నవ్వించి. ఇందాక నువ్వు లోపలుండగా మళ్ళీ అదే ప్లానుకు సరేనన్నాను." జనరేటరు చప్పుడులో ఎంత వినబడిందో అనుకున్నాను. అంతా వినబడింది. అక్క నన్ను చూసింది, చిన్నప్పుడు గుడ్డ కోత తప్పితే ఆ గుడ్డను చూసినట్టు, కోపం లేదు, పనికొస్తుందా రాదా అని చూడడం. "మరి ఇంకా కూర్చున్నావేం" అంది.

మంత్రికి ఫోను చేశాను. అయిపోయిందయ్యా, ఏకగ్రీవమని రాసేశారు కూడా అన్నాడు. ఏకగ్రీవం కాదని రాయించు అన్నాను, నా చుక్కలు పీకెయ్, అవి డ్రాయింగమ్మ చేతికివ్వు అన్నాను. "ఆవిడకా? గీసేవాళ్ళకు చుక్కలేమిటి?" అన్నాడు, నవ్వుతున్నాడనుకున్నాను, నవ్వడం లేదు, ఫోను స్పీకరులో పెట్టినట్టున్నాడు, నా గొంతే తిరిగి వినబడుతోంది, అందరూ వింటున్నారు, పెద్దాయన కూడా. వినండి అన్నాను, తుమ్మేవాళ్ళ కిటికీ అన్నది నేను, ఆవిడ భర్తకు జబ్బని తెలిసి అన్నాను, తెలుసు నాకు, సెలవు చీటీలు నా దగ్గరే ఉండేవి. చెవులు కాలిపోతున్నాయి, ఎదురుగా ప్రహరీగోడే ఉన్నా తల ఎత్తలేకపోయాను. అవతల కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరివో అడుగులు, ఫోను చేతులు మారింది. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను, డ్రాయింగమ్మ అడగనివ్వలేదు, ఇరవై ఏళ్ళుగా నాతో మాట్లాడే గొంతుతోనే, పనిగొంతుతో, "ఆ తలుపు లోపలికి తెరుచుకోవాలా సార్, బయటికా?" అంది.

నాకు తెలియలేదు. ఇరవై మూడేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఆ తలుపు ఎటు తెరుచుకోవాలో నాకు తెలియలేదు. ఫోను పక్కకు దించి అక్కను అడిగాను. అక్క ఆలోచించలేదు.

"బయటికే. గొళ్ళెం పెట్టొద్దని చెప్పు, పిడి కూడా వద్దు" అంది. "భుజంతో తోస్తే తెరుచుకోవాలిరా. చేతులు మొహం మీదుంటాయి."

నేను ఆ మాట ఉన్నదున్నట్టు ఫోనులో చెప్పాను. మా అక్క చెప్పింది అని కూడా చెప్పాను.